తిన్నె మీద చోటు: నిరాశ్రయులు, మన ఊళ్ళు

కూడు, గుడ్డ, గూడు అని మూడింటినీ ఒక్క ఊపిరిలో అనడం మనకు అలవాటు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం పుణ్యమని ఎవరూ చెప్పకుండానే మనకు తెలుసు. చలికాలం వస్తే దుప్పట్లు పంచే సంఘాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. మూడోదైన గూటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన చేయి వెనక్కు పోతుంది. అన్నం పెడితే తిని వెళ్ళిపోతాడు. చోటు ఇస్తే ఉండిపోతాడేమోనని భయం. ఈ భయం గురించీ, దాన్ని మన పెద్దలు కొంతవరకు ఎలా దాటారు, ఎక్కడ దాటలేకపోయారు అన్న విషయం గురించీ, ఇవాళ ఒక చిన్న ఊరు ఏం చేయగలదన్న దాని గురించీ నాకు తెలిసినంతవరకు ఈ వ్యాసంలో మనవి చేస్తాను. ఇందులో నా సొంత తప్పు ఒకటి ఉన్నది. దాన్ని దాచి సిద్ధాంతాలు రాయడం న్యాయం కాదు కనుక అదీ చెబుతాను.

మా ఊరి తిన్నెలు

మాది కార్వేటినగరం. ఒకప్పుడు జమీందారీ ముఖ్యపట్టణం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మేము ఉత్తర ఆర్కాటు జిల్లా వాళ్ళం. వేణుగోపాలస్వామి గుడి, మెట్లు మెట్లుగా దిగే స్కంద పుష్కరిణి, ఆ సంస్థానంలో ఉండి పదాలు కట్టిన సారంగపాణి పేరు - ఇవి మా ఊరికి మిగిలిన ఆస్తి. ఉపాధ్యాయ శిక్షణ కోసం వచ్చి చదువుకుని వెళ్ళినవాళ్ళకు కూడా ఊరు గుర్తుండే ఉంటుంది.

నా చిన్నతనంలో పాతవీధుల ఇళ్ళకు ముందు తిన్నెలు ఉండేవి. కోస్తావాళ్ళు అరుగులంటారు. పగలు అవి ఇంటివాళ్ళవి, రాత్రి ఎవరివైనా కావచ్చు. పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వచ్చి బస్సు తప్పినవాళ్ళు, తిరుత్తణి మొక్కుకు నడిచిపోయేవాళ్ళు, పని వెతుక్కుంటూ వచ్చిన కూలీలు, ఇంట్లో పోట్లాడి వచ్చిన ముసలివాళ్ళు - వీళ్ళంతా ఆ తిన్నెల మీద పడుకుని తెల్లారి లేచిపోయేవారు. మా అవ్వ లాంతరు పట్టుకుని బయటికి వచ్చి, “ఎవురు నాయనా అది? తిన్న్యావా, లేదా?” అని అడిగేది. ఏ ఊరని ముందు అడగవేమని నేనొకసారి అంటే, “తెల్లారినాక అడగొచ్చులేరా, యాడికి పోతాడు! ఆకలి మీద ఉండే మనిషికి వాళ్ళ ఊరి పేరు కూడా సరిగ్గా రాదు” అన్నది. ఇంత రాగిసంగటి, గోంగూర ఊరుబిండి, చెంబెడు నీళ్ళు. ఇంతకుమించి ఖర్చు లేదు.

ఐతే, అవ్వ అడగకపోయినా తాత అడిగేవాడు. ఊరు కాదు, కులం. దళితవాడ మనిషి మా తిన్నె మీద పడుకున్న రాత్రి నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. వాన కురిసినా వాళ్ళు చింతచెట్టు కిందికి పోవలసిందే. పాతకాలపు ఔదార్యాన్ని పొగిడేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే మన పొగడ్త అబద్ధమవుతుంది. తిన్నె అందరిదీ కాదు. ఊరు ఎవరిని మనిషిగా లెక్కపెట్టుకుందో వాళ్ళది మాత్రమే.

ఇప్పుడు ఆ తిన్నెలు లేవు. ఇళ్ళు మళ్ళీ కట్టుకున్నాం. ముందు ప్రహరీ, దానికి ఇనుప గేటు, గేటుకు కుక్క ఉన్నదని బోర్డు. ఎవరినీ తప్పుపట్టలేం, మా ఇల్లు కూడా అలాగే ఉన్నది. కాని తిన్నెతో పాటు ఊరికి ఉన్న ఒక ఏర్పాటు కూడా పోయిందనీ, దాని స్థానంలో ఇంకొకటి రాలేదనీ మనం గమనించలేదు.

సత్రం ఎలా నడిచింది?

తిన్నె ఒక ఇంటి ఔదార్యం. సత్రం అలా కాదు, అదొక వ్యవస్థ. పదిహేనో శతాబ్దంలో సాళువ నరసింహుని కాలంలో తిరుమలలోనూ, తిరుపతిలోనూ రామానుజకూటాలు వెలిశాయి. యాత్రికులకు అన్నం పెట్టే ఆ కూటాల నిర్వహణ కందాడై రామానుజ అయ్యంగారు చూసేవారని తిరుమల శాసనాలు చెబుతున్నాయి. వాటి ఖర్చుకు ఆదాయ మార్గాలు కూడా నిర్ణయమై ఉండేవి.

ఇంతకంటె వివరంగా తెలిసినది తంజావూరు సత్రాల సంగతి. రామేశ్వరం బాట పొడుగునా మరాఠా రాజులు కట్టించిన సత్రాల ఆదాయం మీద ఇంగ్లీషువాళ్ళ కన్ను పడినప్పుడు, 1801లో రెండవ శరభోజి మహారాజు వాటిని కాపాడమని కోరుతూ ఒక లేఖ రాశాడు. అందులో ఆయన చెప్పిన పనులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఏ కులంవాడు వచ్చినా, ఏ మతంవాడు వచ్చినా ఏదో ఒక రూపంలో తిండి. అర్ధరాత్రి గంట కొట్టి, అప్పటికీ తిననివాళ్ళు ఉంటే పిలిచి పెట్టడం. జబ్బుపడి ప్రయాణం సాగించలేనివాడికి నయమయ్యేదాకా వైద్యం. అనాథ పిల్లలకు చదువు. నెలలు నిండిన ఆడమనిషికి పురుడు. అక్కడే చనిపోయినవాడికి దహన సంస్కారం. రాజుగారు తమ ధర్మాన్ని కొంత పెంచి చెప్పుకున్నారనుకున్నా, సత్రమంటే ఏమిటని ఆ కాలం అనుకున్నదో అందులో తెలుస్తుంది. పైకప్పు ఒక్కటే సత్రం కాదు.

ఈ సత్రాలను పరిశీలిస్తే వాటికి మూడు కాళ్ళు కనిపిస్తాయి. ఒకటి, చోటు. రెండు, దీపం పెట్టి, ఊడ్చి, వచ్చినవాణ్ణి పలకరించే మనిషి. మూడు, ఆ మనిషికీ అన్నానికీ ఏటేటా వచ్చే మాన్యం. మద్రాసు ప్రభుత్వం 1817 నాటి ఏడో రెగ్యులేషనుతో గుళ్ళతో పాటు సత్రాల మాన్యాల పర్యవేక్షణ కూడా రెవిన్యూ బోర్డుకు అప్పగించింది. ఆ తర్వాత చట్టాలు మారాయి, యాజమాన్యాలు మారాయి, జమీందారీలు పోయాయి. చాలా చోట్ల భూమి ఎవరి చేతికో పోయింది. రెండో కాలూ, మూడో కాలూ విరిగిపోగా రాతి మండపాలు మాత్రం నిలబడి ఉన్నాయి. మనం బస్సులో పోతూ కిటికీలోంచి చూసే మండపాల్లో చాలా వాటి కథ ఇదే.

సత్రానికి కూడా ఒక హద్దు ఉన్నది. చాలా సత్రాల్లో మూడు రోజుల గడువు ఆచారం. ఎందుకంటే సత్రం బాటసారి కోసం కట్టింది. రేపు వెళ్ళిపోయేవాడికి ఇవాళ చోటు. మన తిరుమల కొండ మీద ఉచిత వసతి హాళ్ళూ ఈ పద్ధతిలోనివే. వేలాది యాత్రికులకు అవి గొప్ప ఆధారం. కాని నిరాశ్రయుడు బాటసారి కాడు. ఎప్పుడు వెళ్తావని అడిగితే అతని దగ్గర సమాధానం లేదు. మన సంప్రదాయం జవాబు వెతకని ప్రశ్న ఇదే.

మేము వేసిన తాళం

ఇక నా సంగతి. మా ఊరి పొలిమేరలో రోడ్డు పక్కన ఒక చిన్న రాతి మండపం ఉంది. నేను పి.జి. చదివే రోజుల్లో అందులో ఒక ముసలాయన ఉండేవాడు. రెండు గోనెసంచుల నిండా ఏవేవో పెట్టుకునేవాడు కాబట్టి మేమంతా గోతాల తాత అనేవాళ్ళం. అసలు పేరు ఎవరికీ తెలియదు. సగం తమిళం, సగం తెలుగు. ఎవరి జోలికీ పోడు. హోటళ్ళవాళ్ళు ఏదన్నా ఇస్తే తినేవాడు.

ఆ మండపంలో రాత్రిళ్ళు కొందరు పేకాడుతున్నారని, సీసాలు పడేస్తున్నారని ఊళ్ళో మాట వచ్చింది. కుర్రవాళ్ళం కలిసి చందాలు వేసుకుని శుభ్రం చేసి, సున్నం కొట్టి, ముందు ఇనుప గ్రిల్లు పెట్టించాం. నేను ఇన్నూరు రూపాయలు ఇచ్చాను. తాళం వేసిన రోజు ఫోటో కూడా దిగాం. గోతాల తాత సంచులు ఎవరో తీసి బయట పెట్టారు. అతను ఏమీ అనలేదు. సంచులు ఎత్తుకుని బస్సులు ఆగే చోట ఒక రేకు పంచ కిందికి పోయాడు. పేకాటవాళ్ళు ఇంకో చోటు చూసుకున్నారు.

2015 నవంబరులో మన జిల్లాలో కురిసిన వానలు చదువరులకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. రేకు పంచకు గోడలు లేవు. నాలుగో రోజో, అయిదో రోజో అతనికి జ్వరం వచ్చి వణుకుతుంటే ఎవరో 108కి ఫోన్ చేశారు. సెలవులకు వచ్చి ఉన్న నేను కూడా అక్కడే నిలబడి చూశాను. ఎక్కించేటప్పుడు ఆ వచ్చినతను సహజంగానే అడిగాడు: “ఎవరి మనిషి? కూడా ఎవరు వస్తా ఉండారు?” పది పన్నెండుమందిమి ఉన్నాం. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చివరికి అతను ఒక్కడే పోయాడు. రెండు వారాల తర్వాత నేను ఆసుపత్రికి వెళ్ళి అడిగితే, పేరు లేని మనిషి గురించి అడుగుతున్న నాకు ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. పేరు తెలుసుకోనిది మేము. వాళ్ళను ఏమనగలం?

అప్పటినుంచి ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నిరాశ్రయుడికి లేనిది కప్పు ఒక్కటే అయితే, మండపం తాళం తీస్తే సరిపోయేది. అతనికి అంతకంటె ముందు లేనిది “మా మనిషి” అనేవాడు.

ఎంతమంది? ఎవరు?

2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి నిరాశ్రయులను ప్రత్యేకంగా లెక్కించారు. రోడ్ల పక్కన, పేవుమెంట్ల మీద, పెద్ద పెద్ద నీటి గొట్టాల్లో, వంతెనల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ఆరాధన స్థలాల్లో, మండపాల్లో బయలున బ్రతికేవాళ్ళని నిర్వచనం. మండపమన్న మాట ఆ నిర్వచనంలోనే ఉండటం చూసి నాకు మా ఊరు గుర్తొచ్చింది. దేశం మొత్తం మీద తేలిన సంఖ్య 17 లక్షల 73 వేలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1 లక్షా 45 వేలు. ఒక్క రాత్రిలో కళ్ళకు కనబడ్డవాళ్ళ లెక్క కనుక అసలు సంఖ్య ఇంతకంటె ఎక్కువే ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

ఇందులో గమనించవలసింది ఇంకొకటి ఉంది. నిరాశ్రయులనగానే మనకు నగరం గుర్తొస్తుంది. కాని ఆ 17 లక్షల 73 వేలలో 8 లక్షల 34 వేలమంది, అంటే నూటికి 47 మంది, పల్లెల్లో ఉన్నవాళ్ళు!

వాళ్ళంతా ఒకే రకం కూడా కాదు. ఇటుక బట్టీలకూ, రోడ్డు పనులకూ, చెరకు కొట్టడానికీ కుటుంబాలతో వచ్చేవాళ్ళకు కావలసింది పని ఉన్నన్నాళ్ళు ఒక చోటు, మరుగు, నీళ్ళు. పెద్ద ఆసుపత్రుల బయట పడుకునే రోగుల బంధువులకు కావలసింది వారం పదిరోజులు. పిల్లలు చూడని ముసలివాళ్ళకు కావలసింది బతికినంతకాలం. మతి చెదిరి ఊళ్ళు పట్టి తిరిగేవాళ్ళకు కావలసింది వైద్యం, ఆ తర్వాత ఒక ఇల్లు. ఆడమనిషికి అన్నింటికంటె ముందు కావలసింది లోపలినుంచి వేసుకోగలిగే గడియ. అందరినీ ఒకే హాల్లో పడుకోబెట్టి సేవ చేశామనుకోవడం పొరపాటు.

చట్టం ఇచ్చినది, ఇవ్వనిది

చట్టం అసలు పట్టించుకోలేదనడం సరికాదు. 1985లో బొంబాయి పేవుమెంటు నివాసుల కేసులో (ఓల్గా టెల్లిస్ కేసు) జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఇమిడి ఉన్నదని సుప్రీంకోర్టు చెప్పింది. పేవుమెంటు మీద ఉన్నవాడు సరదాకు లేడు, పని అక్కడ ఉన్నది గనుక ఉన్నాడని గుర్తించడం అందులో ముఖ్యం. ఆహార హక్కు కేసులో భాగంగా 2010లో నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఇరవైనాలుగు గంటలూ, ఏడాది పొడుగునా నడిచే ఆశ్రయాలు ఉండాలన్న నియమం వచ్చింది. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దానికి కొలతలు కూడా పెట్టింది: లక్ష జనాభాకు కనీసం నూరుమందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు.

కొలతలు మంచివే. కాని ఇదంతా పట్టణానికి. లక్షకు ఒకటి అన్న లెక్కలో కార్వేటినగరం లాంటి ఊరు ఎక్కడ వస్తుంది? నూటికి 47 మంది ఉన్న చోట ఆ పథకం లేదు. గ్రామీణ గృహనిర్మాణ పథకంలో నిలువ నీడ లేని కుటుంబాలనూ, బిచ్చమెత్తి బతికేవాళ్ళనూ నేరుగా చేర్చుకోవాలని 2011 సామాజిక ఆర్థిక సర్వే నియమం పెట్టింది. కాగితం మీద మొదటి చోటు వాళ్ళదే. ఆ కాగితం నింపి, వెంట తిరిగి, ఇంటి జాగా చూపించేవాళ్ళు కావాలి గదా!

మిగిలిన చట్టాలూ అంతే. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, నూట యాభైమందికి, ఉండాలన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మతి చెదిరి తిరుగుతూ తన్ను తాను చూసుకోలేని మనిషిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకుని ఇరవైనాలుగు గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్పులో పెట్టకూడదు. మరోవైపు 1977 నాటి మన రాష్ట్ర యాచక నిరోధక చట్టం అడుక్కోవడాన్నే నేరంగా చూసింది. ఒక చేత్తో పట్టుకోవడం, ఒక చేత్తో తోసేయడం - చట్టాల్లోనే కాదు, మన మనసుల్లో కూడా ఈ రెండు చేతులూ ఉన్నాయి.

సమాజం చేయగలిగింది

ఎప్పుడు వెళ్తావన్న ప్రశ్న అడగకుండా మనిషికి చోటిచ్చిన సమాజాలు లేకపోలేదు. బెల్జియం దేశంలో ఖేల్ అనే చిన్న పట్టణం ఉన్నది. మతి చెదిరినవాళ్ళు అక్కడి ఒక పుణ్యక్షేత్రానికి మొక్కుకోవడానికి వచ్చేవారు. చర్చిలో చోటు చాలక ఊరివాళ్ళు తమ ఇళ్ళల్లో ఉంచుకోవడం మధ్యయుగాల్లో మొదలైంది. 1930లలో ఆ ఊరి ఇళ్ళల్లో ఇలాంటి అతిథులు మూడున్నర వేలకు పైగా ఉన్నారు. వాళ్ళను రోగులని అనరు, ఇంట్లో ఉండేవాళ్ళనే అంటారు. ఇప్పుడు సంఖ్య బాగా తగ్గినా ఆ పద్ధతి బతికే ఉన్నది. 2023లో యునెస్కో దాన్ని ఆదర్శప్రాయమైన సంప్రదాయంగా గుర్తించింది. గమనించండి, ఇది ఒట్టి జాలితో నడిచింది కాదు. ప్రభుత్వం కుటుంబానికి భత్యం ఇస్తుంది, వెనక ఆసుపత్రి ఉంటుంది. చోటు, మనిషి, మాన్యం - మన సత్రం మూడు కాళ్ళే అక్కడా ఉన్నాయి.

అంత దూరం ఎందుకు, మనకు దగ్గరలోనే చెన్నైలో 1993లో ఇద్దరు యువతులు, వందన గోపికుమార్, వైష్ణవి జయకుమార్, బానియన్ అనే సంస్థను ప్రారంభించారు. రోడ్ల మీద తిరిగే మతి చెదిరిన ఆడవాళ్ళకు ఆశ్రయమూ, వైద్యమూ ఇచ్చి, కోలుకున్నవాళ్ళను ఊళ్ళకు చేర్చడం వాళ్ళ పని. ఊరు లేనివాళ్ళ మాటేమిటి? వాళ్ళకోసం 2015 నుంచి మామూలు వీధుల్లో, మామూలు ఇళ్ళు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురిని ఒక కుటుంబంగా ఉంచడం మొదలుపెట్టారు. పొద్దున్నే ముగ్గు వేసుకుంటారు, అంగడికి పోతారు, పొరుగింటావిడతో పోట్లాడుకుంటారు. ఆశ్రమం గోడల మధ్య నుంచి వీధిలోకి రావడమే అక్కడ చికిత్సలో భాగం.

మన ఊళ్ళో ఏం చేయాలి?

ఇవన్నీ చదివాక మా ఊరివంటి ఊరికి నాకు తోచిన పద్ధతి ఇది. ఇందులో కోట్ల ఖర్చు లేదు.

మొదటిది, లెక్క. ఒక రాత్రి పదకొండు తర్వాత నలుగురు విద్యార్థులు ఊరంతా నడిచి బయట పడుకున్నవాళ్ళను చూసి రావాలి. మొహాన టార్చి వేయకూడదు, ఫోటో తీయకూడదు. మరునాడు పొద్దున టీ తాగుతూ పేరు అడగాలి. గోతాల తాత పేరు మేము అడగలేదు. మీరు ఆ తప్పు చేయకండి.

రెండవది, చోటు. కొత్తగా కట్టనక్కరలేదు. పదిమందికి 50 చదరపు అడుగుల చొప్పున 500 చదరపు అడుగులు కావాలి. 25 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గది ఒకటి. పిల్లలు లేక మూతపడ్డ బడి గదో, వాడకం లేని సామాజిక భవనమో వెతికితే దొరక్కపోదు. ఆడవాళ్ళకు వేరే గది, మరుగుదొడ్డి, దీపం తప్పనిసరి.

మూడవది, మనిషి. పంచాయతీ సభ్యుడొకరు, ఆశా కార్యకర్త ఒకరు, దళితవాడ నుంచి ఒకరు, ఒక టీచరు, ఆ చోట పడుకునేవాళ్ళలో ఒకరు - ఈ అయిదుగురితో కమిటీ ఉండాలి. చివరి సభ్యుడు లేకపోతే మిగిలిన నలుగురూ కలిసి తాళం వేస్తారు. నా అనుభవం అదే. రాత్రి కాపలాకు ఉండే మనిషికి జీతం ఇవ్వాలి. పుణ్యానికి చేసే పని ఆరు నెలలకంటె నిలవదు.

నాలుగవది, మాన్యం. ఇంటింటా పిడికెడు బియ్యం తీసే అలవాటు మన ఆడవాళ్ళకు కొత్త కాదు. దానికి తోడు పంచాయతీ తీర్మానం చేసి ఏటా ఇంత అని కేటాయించాలి. ఒక పండుగ ఖర్చులో కోసుకున్నా చాలు.

అయిదవది, చిరునామా. ఆ గది నెంబరే వాళ్ళకు ఇంటి నెంబరు కావాలి. దాంతో ఆధార్, దాంతో రేషను, పింఛను. ముసలివాళ్ళ సహాయానికి 14567, పిల్లలకు 1098, మానసిక సమస్యలకు 14416 - ఈ నెంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి. అంబులెన్సు వచ్చినప్పుడు కూడా వెళ్ళేదెవరో ముందే నిర్ణయమై ఉండాలి. నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైన నియమం ఇదే.

ఇలా చేస్తే బయటి ఊళ్ళవాళ్ళంతా మన ఊరికే వచ్చిపడరా అని కొందరు పెద్దలు నన్ను అడిగారు. రావచ్చు. ఐతే మన పక్క ఊరు కూడా ఒక గది తెరిస్తే రారు. ఒకే తిన్నె ఉన్న వీధిలో ఆ ఇంటికే బరువు. అన్ని ఇళ్ళకూ తిన్నెలు ఉన్న రోజుల్లో ఎవరికీ బరువనిపించలేదు.

మా మండపం గ్రిల్లుకు ఇప్పుడు తాళం లేదు. మూడేళ్ళ కిందట నలుగురం కూర్చుని మాట్లాడుకుని తీసేశాం. దాన్ని ఆశ్రయమని నేను చెప్పుకోను. ఒక కాలు మాత్రమే ఉన్నది, రెండు కాళ్ళు ఇంకా కావాలి. ఈ వేసవిలో గది కోసం పంచాయతీకి అర్జీ ఇవ్వబోతున్నాం.

యూనియన్ మిత్రులకు ఒక విన్నపం. మీరు వందలాది ఊళ్ళ నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క రాత్రి మీ ఊళ్ళో నడిచి లెక్క రాసుకు రండి. పేర్లు మీ దగ్గరే ఉంచుకోండి, సంఖ్యలు మాత్రం వచ్చే ఏటి సంచికలో అచ్చువేయండి. ఊరికి ఎంతమంది ఉన్నారో తెలిశాక, వాళ్ళు ఎవరి మనుషులన్న ప్రశ్నకు జవాబు చెప్పడం మనకు అంత కష్టం కాదని నా నమ్మకం.